జానెడు కుట్టు

"ఎక్కేటి బండికి ఏడు కుట్లమ్మా,
ఏరు దాటే వేళ..."

ఆ తర్వాత ఏముందో కుట్టుమామ్మకు గుర్తు రాదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎవరో పాడుతుంటే విన్న పాట. మరిచిపోయిన చోట ఊఁ ఊఁ అని రాగం తీస్తుంది, ఆ రాగం సాగినంతసేపూ మూడు కుట్లు వేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ కొట్లో బండ్ల సీట్లన్నీ ఆ సగం పాటతోనే తయారయ్యాయి.

కొట్టు ఇంటికి ముందు భాగంలోనే ఉంది. గోడకు రెగ్జిన్ చుట్టలు, మూలన స్పాంజి ముక్కలు, కిటికీ కింద కుట్టుమిషను, డబ్బాలో వంకర సూదులు. పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి పాల వ్యాను డ్రైవరు వచ్చి ఉంటాడు. వ్యాను తలుపు తీసి, తన సీటు మీద అరచెయ్యి ఆనించి చూసుకుంటాడు.

"పొడిగానే ఉంది మామ్మా. వెళ్ళొస్తా."

"వెళ్ళిరా నాయనా."

మామ్మ కుట్టిన సీట్లు ఆపద వచ్చే రోజున ముందుగానే తడుస్తాయి. అది అందరికీ తెలిసిన సంగతే. బడి వ్యాను దగ్గర తల్లులు "ఇవాళ సీట్లు ఎలా ఉన్నాయి?" అని అడుగుతారు, మబ్బు పట్టిందా అని అడిగినట్టు. తడిగా ఉందంటే పిల్లల్ని ఇంటికి తీసుకుపోయి మళ్ళీ పడుకోబెడతారు. ఒకసారి కొత్తగా వచ్చిన వాడెవడో రెగ్జిన్ నాసిరకమని దెబ్బలాటకు వచ్చాడు. "కుట్టేదాకే నా పని బాబూ, తడవడం దాని పని" అని మామ్మ అతనికో తువ్వాలు ఇచ్చి పంపింది.

ఆమెకు అక్షరాలు అరవై దాటాకే వచ్చాయి. సీట్ల మీద ఓనర్లు తమ పేర్లు కుట్టమని అడుగుతుంటే మనవరాలి దగ్గర కూర్చుని నేర్చుకుంది. అందుకే ఏది చదివినా కుట్టినట్టే చదువుతుంది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, లాగి, ముడివేసి మరీ ముందుకు పోతుంది.

ఆ మనవరాలు పశువుల డాక్టరు. వీధంతా డాక్టరమ్మ అంటారు. భర్త ఇళ్ళ స్థలాలు అమ్మించే ఏజెంటు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు.

పోయిన వానల్లో ఒకరోజు డాక్టరమ్మ పాత కారు సీటు తడిసింది. అదే రోజు ఏటి అవతల ఒకామె ఆవుకు కడుపులో దూడ అడ్డం తిరిగింది. తడి చూసి డాక్టరమ్మ వెళ్ళలేదు. మర్నాడు వెళ్తే ఆవూ లేదు, దూడా లేదు. ఆవు గలామె గట్టిగా కూడా అనలేదు.

"నీ సీటు తడిసిందని నా పాక ఖాళీ అయింది తల్లీ" అంది.

అప్పటినుంచి ఫోను మోగితే డాక్టరమ్మ ఉలిక్కిపడేది. అన్నం కలిపి, తినకుండా ప్లేటు వైపు చూస్తూ కూర్చునేది. ఏజెంటు నెలల తరబడి అది చూశాడు. చూసి చూసి, ఇల్లు కట్టుకోవడానికి కొని ఉంచుకున్న స్థలం అమ్మేసి, కొండలెక్కే, వాగులు దాటే పెద్ద బండి ఒకటి తెచ్చి కొట్టు పక్కన షెడ్డులో పెట్టాడు. అది లోపల పట్టడానికి షెడ్డు తలుపులు పీకించాల్సి వచ్చింది.

"ఎంత పోసి కొన్నా చక్రాలు నాలుగేగా బాబూ" అన్నాడు పాల వ్యాను డ్రైవరు, చుట్టూ తిరిగి చూసి.

"నీ చక్రాలు రోడ్డుంటేనే తిరుగుతాయి. నావి రోడ్డు లేకపోయినా తిరుగుతాయి."

"రోడ్డు లేని చోట నీకేం పని? అక్కడ కూడా స్థలాలు అమ్ముతావా?"

"రెండు అమ్మాను" అన్నాడు ఏజెంటు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మామ్మకు మాత్రం నవ్వు రాలేదు. మొదటిరోజే ఆమెను ఎక్కించుకుని, గుంతల మయమైన వెనక సందులో ఒక చుట్టు తిప్పాడు. ఆమె ముందు సీటు వీపు పట్టుకుని కుదుపు కోసం ఎదురుచూసింది. రాలేదు.

"గుంతలు ఎక్కడికి పోయాయి నాయనా?"

"అక్కడే ఉన్నాయి అమ్మమ్మగారూ. మనకు తగలవు. అంత డబ్బు పోసింది దానికేగా."

తగలకపోతే ఉన్నాయని తెలిసేదెట్లా అని ఆమె అడగబోయి ఊరుకుంది. కానీ భయం అప్పుడే మొదలైంది. బండి తలుపు వేస్తే వీధి చప్పుడు ఆగిపోతుంది. వాన పడుతున్నా వినపడదు. సీట్లు లేత తోలువి. ఎక్కడో యంత్రం కుట్టిన కుట్లు చీమల బారులా ఒక్క వంకర లేకుండా ఉన్నాయి. అంత పెద్ద బండిలో తన చేతి కుట్టు ఒక్కటి కూడా లేదు.

"పల్చటి కవరు ఒకటి కుట్టి వేస్తా నాయనా" అని అడిగింది.

"సీటు పక్కన గాలి సంచీలు ఉంటాయి అమ్మమ్మగారూ. గుద్దుకుంటే విచ్చుకుంటాయి. కవరు అడ్డొస్తే విచ్చుకోవు. పైగా ఒక్క కుట్టు కదిపినా గ్యారంటీ పోతుందని పుస్తకంలో రాశారు."

మామ్మ ఆ పుస్తకం అడిగి తీసుకుని రెండు రోజులు చదివింది. నిజంగానే రాశారు.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం ఏజెంటు భోంచేసి పడుకున్నాడు. మామ్మ కొక్కేనికి వేలాడే తాళం తీసుకుని, వంకర సూది, బ్లేడు, నల్లదారం కొంగులో పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. నడిపేవాడి సీటు ముందు అంచు కింద, తొడలు ఆనే చోట, గాలి సంచీకి దూరంగా ఒక జానెడు కొలుచుకుంది. బ్లేడు పెట్టబోయి రెండుసార్లు వెనక్కి తీసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె అలా వెనకాడడం అదే మొదలు. ఆమె కొట్టు, మిషను, రెగ్జిన్ చుట్టలు అన్నీ కలిపినా ఆ ఒక్క సీటు ఖరీదు చేయవు. ఒక్కో పోగూ తెంపి, అవే రంధ్రాల్లోంచి తన దారం లాగింది. మధ్యలో వేలికి గుచ్చుకుంది. రక్తం తోలుకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. పాడదామంటే మొదటి పాదం కూడా గుర్తు రాలేదు.

ఆఖరి ముడి వేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. డాక్టరమ్మ. అమ్మమ్మ చేతిలో సూదిని చూసింది, సీటును చూసింది.

"ఆయన లేస్తున్నారు అమ్మమ్మా" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాయి. నాలుగు రోజులు విడవకుండా కురిశాయి. ఐదో రోజు పొద్దున డాక్టరమ్మ ఫోను మోగింది. ఏటి అవతల ఆమే. మళ్ళీ ఒక ఆవును తెచ్చుకుంది, తొలిచూలు. దూడ కాళ్ళు బయటికొచ్చి ఆగిపోయాయట.

డాక్టరమ్మ తాళ్ళు, చేతి తొడుగులు సంచిలో వేసుకుంటుండగా మామ్మ షెడ్డులోకి పరుగెత్తింది. సీటు అంచు కింద చెయ్యి పెట్టింది. జానెడు మేర, బకెట్లోంచి తీసిన గుడ్డలా ఉంది.

ఆమె కేక వేసేలోపు లోపల ఏజెంటు బూట్లు వేసుకుంటూ ఫోనులో ఏదో నొక్కాడు. చలిగా ఉందని, ఎక్కేసరికి సీటు వెచ్చబడాలని. బండికి ఆ ముచ్చట కూడా ఉంది.

"తడిసింది నాయనా. వద్దు" అంది మామ్మ, వాళ్ళు రాగానే.

"ఏది తడి?" ఏజెంటు చెయ్యి పెట్టి చూశాడు. "పెనంలా ఉంది అమ్మమ్మగారూ. అయినా ఇది మీరు కుట్టింది కాదుగా."

"ఒక జానెడు నేను కుట్టాను."

అతను వంగి చూశాడు. బూడిదరంగు కుట్ల మధ్య నల్లదారం కనబడింది. మొహం పాలిపోయింది.

"గ్యారంటీ పోయింది" అన్నాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

"తర్వాత తిట్టుకుందురు గాని. దూడ కాళ్ళు బయట ఉన్నాయి" అని డాక్టరమ్మ ఎక్కేసింది. అమ్మమ్మ వైపు మాత్రం చూడలేదు. ఎక్కేముందు తనూ చెయ్యి పెట్టి చూసింది, పొడిగానే తగిలింది. పోయినసారి తడిని నమ్మి ఏం పోగొట్టుకుందో ఆమెకు తెలుసు.

మామ్మ వెనక తలుపు తీసుకుని ఎక్కింది.

"మీరెందుకు అమ్మమ్మగారూ?"

"ఊరికే" అంది మామ్మ. ముందు సీటు వీపు గట్టిగా పట్టుకుంది.

ఏటి మీద వంతెన లేదు. నీళ్ళకు కాస్త ఎత్తుగా, అడ్డంగా పోసిన సిమెంటు చప్టా ఒక్కటే దారి. ఇవాళ అదీ కనబడడం లేదు, ఎర్రటి నీళ్ళు దాని మీదుగా పోతున్నాయి. గట్టు మీద పాల వ్యాను ఆగి ఉంది. డ్రైవరు సీటు మీద తువ్వాలు పరిచి, తను వానలో నిలబడి ఉన్నాడు. ఏజెంటు అద్దం దించాడు.

"ఇంట్లో పొడిగానే ఉంది బాబూ. ఇక్కడికొచ్చాక తడిసింది. వెనక్కి పోతున్నా."

"నీది పాల వ్యాను కదా."

"అవును. పాలకు తొందర గాని నాకు తొందర లేదు."

అద్దం పైకి లేచింది. వాన చప్పుడు ఆగిపోయింది. బండి మెల్లగా నీళ్ళలోకి దిగింది. ముందున్న తెర మీద అక్షరాలు వెలిగాయి. మామ్మ రెండు సీట్ల మధ్య నుంచి తల పెట్టి ఎప్పట్లాగే కుట్టినట్టు చదివింది.

"నీ...టి లో...తు అరవై. ప...రి...మి...తి తొంభై. ముం...దు...కు..."

"వెళ్ళవచ్చు" అని ఏజెంటు పూర్తి చేశాడు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగాడు. ఇటు డాక్టరమ్మ సంచి తాడును వేళ్ళకు చుట్టుకుని బిగిస్తోంది. ముగ్గురూ భయపడుతున్నారు, బండి ఒక్కటే భయపడడం లేదు.

"నాయనా, ఆ వేడి ఆపు" అంది మామ్మ.

"ఏ వేడి?"

"సీటు వేడి. ఒక్క నిమిషం. నీ బండికేం కాదు."

వాదించే ఓపిక లేక అతను మీట నొక్కాడు. వైపర్లు అటొకసారి, ఇటొకసారి తిరిగాయి. చక్రాలు మరో రెండు బారలు ముందుకు పోయాయి. అప్పుడు ఏజెంటు సీట్లో కదిలాడు. మళ్ళీ కదిలాడు. కిందికి చూసుకున్నాడు. ప్యాంటు ముదురు రంగుకు తిరిగింది.

"అలా చూడకు" అన్నాడు భార్యతో. "నేను కాదు."

ఎవరూ నవ్వలేదు. జానెడు కుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఎర్రటి నీళ్ళు. కాళ్ళ కింది పట్టా మీద పడుతున్న ఆ నీళ్ళతో సన్నటి ఇసుక వచ్చింది. ఇసుక వెనకే గోరంత సిమెంటు పెళ్ళ ఒకటి కుట్టు సందులోంచి ఊడి, అతని బూటు మీద టక్కున పడింది.

ఏజెంటు బ్రేకు తొక్కాడు. వెనక గేరు వేయబోతే చెయ్యి జారింది. డాక్టరమ్మ తన చెయ్యి అతని చేతి మీద వేసి నొక్కింది. బండి అంగుళం అంగుళం వెనక్కి వచ్చి గట్టెక్కింది.

ఇంతలో పైనుంచి ఒక చెట్టు కొట్టుకొచ్చింది, వేళ్ళతో సహా. చప్టా మీదుగా దొర్లుతూ నడిమధ్యకు చేరింది. అక్కడ కొమ్మలు ఒక్కసారి పైకి లేచాయి, చెట్టు నిలువుగా నిలబడింది, నిలబడినట్టే కిందికి దిగిపోయింది. మళ్ళీ తేలలేదు. అక్కడ చప్టా లేదు. తెర కొలిచింది చక్రాల దగ్గరి నీళ్ళను. ముందు దారి ఉందో లేదో దానికి ఎవరూ చెప్పలేదు.

 డాక్టరమ్మ చిన్న గొంతుతో "దూడ" అంది.

పోయినేడాది ఆవు గలామె అన్న మాట ఆ బండిలో ముగ్గురికీ మళ్ళీ వినబడింది. ఏజెంటు తల తిప్పి కొండ వైపు చూశాడు. రాళ్ళు కొట్టడం మానేశాక వదిలేసిన పాత క్వారీ దారి కొండ చుట్టి ఏటి పుట్టుక పైనుంచి అవతలకు దిగుతుంది. అంతా బండరాళ్ళు.

"అటు మేకలు కూడా పోవు బాబూ" అన్నాడు పాల వ్యాను డ్రైవరు.

"ఇది మేక కంటే చాలా ఖరీదు" అన్నాడు ఏజెంటు. గొంతులో వెటకారం లేదు.

మామ్మ ముందుకు వంగి, పక్కనుంచి చెయ్యి పెట్టి కుట్టు పట్టుకుంది. దారి పొడుగునా చెయ్యి తీయలేదు. ఒక చోట బండి ఒక పక్కకు ఎంత ఒరిగిందంటే కిటికీలో నేల తప్ప ఆకాశం లేదు. ఒక చోట చక్రం గాల్లో తిరిగింది. ఏజెంటు ప్రతి మలుపు దగ్గరా "ఎలా ఉంది అమ్మమ్మగారూ?" అని అడుగుతూ పోయాడు.

"కారడం ఆగింది."

"ఇప్పుడో?"

"చెమ్మగా ఉంది. మెల్లగా పో."

"ఇప్పుడు?"

కొండ నెత్తి మీద ఆమె చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేళ్ళు పొడిగా ఉన్నాయి.

"వేడి వేయనా?"

"వద్దు నాయనా. దాని మానాన దాన్ని ఉండనీ."

ఏటి అవతల పాకలో డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు లాగింది. దూడ బతికింది, ఆవు బతికింది.  ఆవు గలామె, గుమ్మంలో నిలబడ్డ ఏజెంటు తడి ప్యాంటు వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం వాళ్ళు కొండ మీదుగానే తిరిగి వచ్చేసరికి పాల వ్యాను డ్రైవరు కొట్టు ముందు కూర్చుని ఉన్నాడు. బురద కొట్టుకుపోయిన బండిని, పక్కన పడ్డ పెద్ద గీతను చూశాడు.

"ఏం బాబూ, పోసిన డబ్బుకు సరిపోయిందా?"

 ఏజెంటు షెడ్డులో బండి పెట్టి, నడుచుకుంటూ బజారు వైపు వెళ్ళాడు.

మామ్మ మిషను ముందు కూర్చుంది.  రేపటికి ఇవ్వాల్సిన ఆటో సీటు ఒకటి ఉంది. మెల్లగా రాగం ఎత్తుకుంది. మరిచిపోయిన చోట ఊఁ ఊఁ అంటూ మూడు కుట్లు వేసేసరికి ఎదురుగా ఏజెంటు నిలబడి ఉన్నాడు. చేతిలో పెద్ద నల్లదారం ఉండ. దాన్ని మిషను మీద పెట్టాడు. గ్యారంటీ పుస్తకం కూడా తెచ్చాడు, దాన్ని స్పాంజి ముక్కల మీద పడేశాడు.

"అమ్మమ్మగారూ, మీ మనవరాలు కూర్చునే వైపు ముందు విప్పండి" అన్నాడు.