పగులు మీది గాజుపట్టీ

మిస్ టాలన్ వీధి తలుపు తట్టే ఇత్తడి కడియాన్ని పాత మేజోడుతో తోముతున్నారు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లలో మిగిలింది మేమిద్దరమే. ఆవిడ పై అంతస్తులో, నేను వీధి మట్టానికి కింద ఉన్న గదిలో.

"ఎవరొచ్చి తడతారని ఇంత మెరుపు?" అన్నాను.

"ఎవరూ రాని రోజు నువ్వు తల దువ్వుకోవా?"

డబ్లిన్‌లో మా వీధి ఇళ్లన్నీ భుజం భుజం ఆనించుకుని నిలబడినవి. ఒకే తీరు ఇటుక ముఖాలు. కింద పొడవాటి కిటికీలు, పైకి పోయేకొద్దీ పొట్టివి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. వసంతంలో పక్కిల్లు పడగొట్టాక ఆ గోడ బయటపడింది. దాని మీద నాలుగు అంతస్తుల పొయ్యిగూళ్లు, ఒకదాని మీద ఒకటి, గాలిలో. గోడకు అంటించిన పూలకాగితాలు, ఏ గదివి ఆ గదివే. వానకు తడిసి వేలాడేవి.

ఆ తర్వాత మెట్ల పక్క గోడ పగిలింది. కార్పొరేషన్ నుంచి గెరాటీ అనే ఆయన వచ్చి, పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికించారు.

"ఇది విరిగితే ఇల్లు కదులుతున్నట్టే. ఖాళీ చెయ్యాలి. ఆరు వారాలకు వస్తా."

"ముప్పై ఎనిమిదేళ్లుగా ఉంటున్న నా మాట కన్నా గాజు మాటే నమ్ముతారన్నమాట," అన్నారు మిస్ టాలన్.

"గాజుకి ఇంటి మీద మమకారం ఉండదు కదండీ."

నాకైతే అక్క ఇల్లుంది. ఆవిడకు ఈ గది తప్ప ఎవరూ లేరు. అప్పటినుంచి మెత్తటి చెప్పులతో మెట్లు దిగేవారు. తలుపు మెల్లగా వెయ్యమని నాకూ చెప్పేవారు.

అయిదో వారం, మంగళవారం పొద్దున, పట్టీ రెండు ముక్కలై ఉంది. సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి కొత్తది కనిపించింది. చుట్టూ సున్నం ఇంకా తడి. పై గది కిటికీలో ఒక అద్దం ఉండాల్సిన చోట అట్టముక్క.

"టీ తాగుతావా?" అన్నారావిడ. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. తాగుతానని కూర్చున్నాను.

ఆరో వారం గెరాటీ వచ్చి పట్టీని వేలితో తడిమారు. వంగి పక్కనుంచి చూశారు. ఆయన మొదట అతికించింది ఈ కాలపు గాజు, సాఫీగా ఉంటుంది. మా కిటికీలది ఎప్పుడో నోటితో ఊదిన గాజు, లోపలంతా అలలు. పట్టీ మధ్యలో ఆవగింజంత బుడగ.

"మంచి గాజు. ఇప్పుడిలాంటిది దొరకదు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడు విరిగింది?"

"పోయిన మంగళవారం. ఒక్క శీతాకాలం ఆగలేరా?" అన్నారు మిస్ టాలన్.

"నేను ఆగుతానండీ. గోడ ఆగదు."

ఆవిడ పైకి వెళ్లారు. టోపీ పెట్టుకుని, ఒక్క సంచితో దిగి వచ్చారు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. నేను సంచి అందుకోబోతే తల అడ్డంగా ఊపి, వీధిలోకి రాతిమెట్లు దిగి వెళ్లిపోయారు.