గేటుకు కట్టిన రేకు

"ఇవాళ కూడా ఎవరూ దాని నోరు తెరిచి చూడకపోతే ఏం చెయ్యాలే?"

కాజాలు కుట్టే ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. కూతురు చెప్పులు వేసుకుని పనికి వెళ్లిపోయింది. మునిసిపాలిటీ వ్యాను వచ్చి ముసలాడిని ఎత్తుకుపోయి నెలయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల తల్లితో మాట్లాడలేదు.

ముసలాడంటే కుక్క. పద్నాలుగేళ్లు. పళ్లన్నీ ఎప్పుడో రాలిపోయాయి. రొట్టె పాలలో నానబెట్టి వేళ్లతో మెదిపి పెడితే తప్ప తినలేదు. పక్కింటి రిటైర్డు గుమాస్తా దాని అరుపుకి బెదిరి మెట్టు మీద నుంచి పడి, పిక్క గీరుకుపోతే, కరిచిందని కేసు పెట్టాడు. నోరు తెరిచి చూడండయ్యా అని ఆవిడ మొత్తుకుంది. స్టేషన్‌వాళ్లు అది ఆఫీసు పనన్నారు. ఆఫీసువాళ్లు డాక్టరు పనన్నారు. డాక్టరు సెలవులో ఉన్నాడు. కుక్క నోరు తెరవాలన్నా ఆర్డరు ఉండాలమ్మా అన్నాడు వకీలు. చెప్పి చెప్పి ఆవిడకే పళ్లు ఊడేలా ఉన్నాయి. కేసు తేలేదాకా కుక్కను చూడనివ్వరు కూడా.

కోర్టు వరండాలో బల్ల చివర కూర్చుని రెండు చొక్కాలు పూర్తి చేసింది. సూదిపోట్లకు వేలికొనలు మొద్దుబారి చాలా ఏళ్లయింది. విడిపోతుందేమోనని ప్రతి కాజాకూ రెండు ముళ్లు ఎక్కువ వేస్తుంది. మీ కాజా ఊడాలంటే ముందు చొక్కా చిరగాలని టైలరు నవ్వుతుంటాడు.

పిలుపు మధ్యాహ్నానికి గాని రాలేదు. ఎదుటి వకీలు ఫోటో ఒకటి పైకి అందించాడు. ఏళ్ల కిందట గేటుకు తీగతో కట్టిన రేకు, దాని మీద ఎర్రరంగుతో వంకర అక్షరాలు: కుక్క ఉంది. కరుస్తుంది. ఇప్పటికే ఇద్దరిని కరిచింది.

"ఎవరు రాశారు?" అని అడిగాడు జడ్జి.

"నేనేనండి."

"ఎవరా ఇద్దరు?"

"ఎవరూ లేరండి. ఒక్కరంటే భయపడరేమోనని..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "పళ్లు లేవని కూడా రాయాల్సిందమ్మా" అన్నాడు పక్కింటాయన. జడ్జి మాత్రం నవ్వలేదు. మర్నాడే డాక్టరు చేత కుక్క నోరు చూపించమని ఆర్డరు రాశాడు.

నెల తిరిగితే దక్కిన మాట అది. మెట్లు దిగుతూనే కుక్కలను ఉంచే చోటికి ఫోన్ చేసింది, ఈ ఒక్క పూటైనా తిండి నానబెట్టి పెట్టమని. మొదటి రోజు నుంచీ చెబుతున్న మాటే. పెట్టిన బిస్కెట్లు పెట్టినట్టే ఉండేవమ్మా, పొద్దున చూసేసరికి పోయింది, ఆఫీసుకు కబురు చేశాం కదా అన్నాడు అవతలి మనిషి.

కూతురు వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర చతికిలబడి ఉంది. తీగకు తనే వేసిన మెలికలు విప్పలేక, వేలు తెగి రక్తం వస్తోంది. ముసలాడు పోయాడని చెప్పింది. ఆ పిల్ల పక్కన కూర్చుని, ఒక్కొక్క మెలికా విప్పి, రేకును తల్లి ఒళ్లో పెట్టింది.

"ఎందుకు రాశానే ఇది?" అంది ఆవిడ.

వీధిలో దీపాలు వెలిగాయి. ఎర్ర అక్షరాల మీద ఆవిడ వేలి నెత్తురు ఆరిపోయింది.

"నేనొక్కదాన్నే ఇంట్లో ఉంటానని, అమ్మా."