లోయ అడుగున సూది

“కాలరు సరిగా చెయ్యి. పోయినసారి మడత పడింది,” అన్నాడు భర్త.

ఆమె ఇస్త్రీపెట్టెను కాలరు మీదికి తెచ్చింది. ఆయన భౌతికశాస్త్రంలో ప్రొఫెసరు. ఆమె చదివిందీ అదే, ఆయనకన్నా మంచి మార్కులతోనే. పెళ్లయ్యాక ఆయన చదువు ఉద్యోగమైంది. ఆమె చదువు ఇంటిపనుల్లో ఒకటై కలిసిపోయింది.

బరువైన పరమాణువులూ, ఫుల్లరీన్లనే బంతుల్లాంటి కార్బన్ అణువులూ అదనంగా వచ్చిన ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఆయన వ్యాసాలు చెబుతాయి. ఆ పట్టునే ఎలక్ట్రాన్ ఎఫినిటీ అంటారు. నెమ్మదైన ఎలక్ట్రాన్లను కంప్యూటర్లో అణువు మీదికి వదిలి, శక్తిని అడుగడుగుగా పెంచుతూ, ఎక్కడ అతుక్కుంటాయో వెతికేది మాత్రం ఆమె. పొయ్యి మీద కుక్కరు, పక్క బల్ల మీద ఆ లెక్క. తన పేరు కూడా వేయమని ఒకసారి అడిగింది. “వేరే ఎందుకూ? ఇంటిపేరు ఒకటేగా,” అని నవ్వాడాయన. తన కొడుక్కి ఆ గ్రాఫుల బొమ్మలు గీసిపెట్టడం బాగానే ఉందిగానీ పాలు పొంగకుండా చూసుకోమంది అత్తయ్య.

నిరుడు ఆమె తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన ఫోన్ చేశాడు. ఫుల్లరీన్ గ్రాఫు వెంటనే కావాలన్నాడు.

“అమ్మకి బాగాలేదండీ.”

“డాక్టర్లున్నారుగా. నువ్వక్కడ కూర్చుని చేసేదేముంది?”

ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని లెక్క నడిపింది. తొందరగా ముగించాలని శక్తి పెంచే అడుగులు పెద్దవి చేసింది. గ్రాఫు పంపి లోపలికి వెళ్లేసరికి నర్సు తల్లి ముక్కులోని గొట్టం తీసేస్తోంది. “మీకోసం తలుపువైపే చూశారమ్మా,” అంటూ తల్లి కళ్లజోడు ఆమె చేతికిచ్చింది.

ఆమె ఇంటికి రాగానే భర్తకు ఒక మాట చెప్పింది. ఎలక్ట్రాన్ గట్టిగా అతుక్కునే చోటు గ్రాఫులో లోతైన లోయ అడుగున సూదిలాంటి శిఖరంగా కనబడుతుంది. పెద్ద అడుగులు వేస్తే దాన్ని దాటిపోతాం. ముందు కనబడే లావుపాటి గుట్ట దగ్గర పట్టు వదులు, అది అసలు విలువ కాదు. మళ్లీ చెయ్యాలి. ఆయన గ్రాఫు చూసి గీత బాగానే ఉందిగా అన్నాడు. గుట్టనే అచ్చు వేయించాడు.

తల్లి పోయిన తర్వాతి వారాల్లో ఆమె సన్నటి అడుగులతో ఒంటరిగా నడిచింది. సూది దొరికింది. దాని గురించి వ్యాసం రాసి, పైన పుట్టింటి ఇంటిపేరుతో తన పేరు పెట్టుకుంది. పంపలేదు. మొగుడి తప్పు లోకానికి చూపించే పెళ్లాన్ని ఏమంటారో ఆమెకు తెలుసు.

ఇప్పుడెవరో దూరదేశపు శాస్త్రవేత్త ఆ తప్పు పట్టుకున్నాడు. పత్రిక సవరణ అడిగింది. ఆయన తాను రాసిన జవాబును ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి చదివాడు. లెక్కలు చేసిన సహాయకురాలు తల్లి మరణం వల్ల మనసు స్థిమితంగా లేక పొరపాటు చేసిందని. సహాయకురాలి పేరు పూర్తిగా ఉంది.

“వేయమనేదానివిగా నీ పేరు. వేశాను,” అన్నాడు. తన చమత్కారానికి తానే మురిసిపోయాడు. సోఫాలోంచి అత్తయ్య, అంత పెద్ద పత్రికలో పేరు పడటం మాటలా అంది.

“సరే, సన్నటి అడుగులతో మళ్లీ చెయ్యి. రేపటికల్లా ఇవ్వాలి,” అన్నాడు భర్త.

ఆమె ఇస్త్రీపెట్టె ఆపింది. చొక్కాకు ఒక చెయ్యి ఇంకా ముడతలతోనే ఉంది. బల్ల దగ్గరికి వెళ్లి, ఇన్నాళ్లూ ఆపిన వ్యాసాన్ని పత్రికకు పంపింది. కంప్యూటరు మూసింది. తల్లి కళ్లజోడు తీసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

“అప్పుడే అయిపోయిందా? ఏదీ, ఇటివ్వు,” అన్నాడాయన.

“కుదరదండీ,” అందామె, ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఫోన్లో మాట్లాడిన గొంతుతోనే. “అమ్మకి బాగాలేదు. నేను ఇక్కణ్నించి లేవను.”