రుద్దితే పోని గుర్తు

ఆకునాకు దిద్ది యందమ్ము నింపియు
పేరు చెక్కుకొనని పెద్దవాడ!
చేతికిమ్ము బలము, శిల్పుల వేలుపా!
మాటకిమ్ము నిజము, మనసుకెఱుక.

అని ఆ దేవశిల్పికి మొక్కి, కోపంతో మొదలై కోపంతోనే నడిచిన ఒక అక్కాతమ్ముళ్ల కథ చెబుతాను.

ఆ వీధిలో అందరూ ఆమెను కమ్మరమ్మ అనేవారు. ఉక్కు కాల్చి, సాగగొట్టి, పిడి లేని కత్తులను, అంటే అలుగులను, తీర్చడం ఆమె పని. కొలిమి దాటిన అలుగు తమ్ముడి చేతికి వచ్చేది. సాన పట్టడం, మెరుగు పెట్టడం, గుర్తు వేయడం, చివరికి పిడి బిగించడం అతని వంతు. ఆ గుర్తు ఒక సమ్మెట తల, దాని కింద నిప్పురవ్వలాంటి ఒక చుక్క. తయారైన కత్తులన్నింటినీ షావుకారు ఒక్కడే కొనుక్కుపోయేవాడు.

ఒకనాటి ఉదయం ఒక హోటలు వంటాయన గుడ్డలో చుట్టిన కత్తిని తెచ్చి సాన పట్టమన్నాడు.

"జాగ్రత్తమ్మా! మా వంటింట్లో నా మాట వినేది ఇదొక్కటే."

"ఎక్కడ కొన్నారు?"

"షావుకారు కొట్లో. సొంత కార్ఖానాలో చేయిస్తాడట. ఇదిగో, ఆయన పేరే ఉందిగా."

కమ్మరమ్మ కత్తిని చేతిలోకి తీసుకున్నది. పిడికి ముందు, వెన్నుమీద, చూపుడువేలు ఆనేచోట ఒక చిన్న పల్లం. ఆకురాయితో ఆ పల్లం దింపే అలవాటు ఆ చుట్టుపక్కల ఆమెకు తప్ప మరెవరికీ లేదు. అలుగును వెలుతురుకు వాల్చి చూసింది. షావుకారు పేరు చుట్టూ బొటనవేలంత మేర మెరుపు వేరుగా ఉన్నది. అక్కడ ఎవరో ఎమరీ కాగితంతో రుద్దారు.

రేపు రమ్మని వంటాయనను సాగనంపింది. ఆ తరువాత తమ్ముడి గది తలుపును కాలితో నెట్టింది.

"ఒరేయ్, మన గుర్తు రుద్దితే పోతుందా?"

"ఏ గుర్తయినా గట్టిగా రుద్దితే పోతుందక్కా," అన్నాడతను, తిరుగుతున్న సాన మీదనుంచి చూపు తిప్పకుండా.

"ఆ సాన ఆపి చెప్పు."

ఆపాడు. గోడవార బల్లమీద గుర్తులు వేసే విద్యుత్ పెట్టె ఉన్నది. దాని నుంచి రెండు తీగలు వస్తాయి. ఒకదాని కొసన ఉన్న పట్టుడు అలుగును కరచుకుంటుంది. రెండవదాని కొసన ఉప్పునీటిలో తడిపిన మందపాటి గుడ్డ చుట్టిన చేతిపిడి ఉంటుంది. గుర్తు ఆకారంలో కోసిన ప్లాస్టిక్ రేకును అలుగుపై అంటించి, ఆ తడిగుడ్డను అదిమితే, కోసిన మేర ఉక్కుకు కరెంటు సోకుతుంది. డీసీ పెడితే ఉక్కు కరిగి గుంట పడుతుంది; ఏసీ పెడితే పైపైన నలుపు మాత్రమే పడుతుంది. రెండేళ్ల కిందట తమ్ముడు ఏరికోరి తెచ్చిన ఈ పెట్టెలో ఏసీ ఒక్కటే ఉన్నది.

"రెండూ ఉన్న పెట్టె దొరకలేదా నీకు?"

"దొరికింది. షావుకారుగారు ఇదే తెమ్మన్నారు. గుర్తు పైపైనే ఉండాలి, లోతుగా దిగితే సరుకు తీసుకోనన్నారు."

"పైపైనే ఎందుకో తెలుసా నీకు?"

తమ్ముడు చేతికంటిన ధూళిని చొక్కాకు తుడుచుకున్నాడు. "తెలుసు."

"కంచే చేను మేసిందన్నమాట! సొమ్మొకడిది సోకొకడిదని ఎవరి గురించో అంటుంటే నవ్వేదాన్ని. నా గుమ్మంలోనే జరుగుతోందని తెలీదు."

ఆమె ఆ కోపంతోనే చెప్పులు తొడుక్కొని పనిముట్ల దుకాణానికి నడిచింది. దుకాణదారు ఒక బుల్లి పెట్టెను ముందుకు జరిపాడు.

"ఇది చాలమ్మా, ఇంట్లో గిన్నెల మీద పేర్లేసుకోడానికి."

"గిన్నెల మీద కాదయ్యా, దొంగ గుండెల మీద వెయ్యాలి. డీసీ ఉన్నది తియ్యి. ఎంత లోతు దిగుతుంది?"

దుకాణదారు పై అరనుంచి పెద్ద పెట్టె దించాడు. ఆమె కొంగున కట్టుకొచ్చిన ఉక్కుముక్కపై అక్కడే వేయించి, గోటితో గీరి చూసింది. గోరు గుంటలో తగులుకున్నది. అప్పుడు కొన్నది.

గుర్తు వేసి పిడులు బిగించవలసిన అలుగులు ముప్పై ఉన్నాయి. స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, మొదటి అలుగు మీద తడిగుడ్డను పళ్లు బిగబట్టి అదిమింది. అలా ఊపిరాడనీయక అదమకూడదు. ఉప్పునీరు సలసల కాగి, రేకు అంచులు లేచి, సమ్మెట తల ముద్దయిపోయింది. కోపం మొదట తన పనినే కాల్చిందని గ్రహించి, రెండవ అలుగు నుంచి ఐదు లెక్కపెట్టి ఎత్తుతూ, మళ్లీ తడుపుతూ, మళ్లీ అదుముతూ వేసింది. గుంట దిగాక నలుపు కోసం ఏసీకి తిప్పింది. ఉప్పు తుప్పు పట్టించకుండా వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి నూనె రాసింది. ఆరవ అలుగును తుడుస్తుండగా షావుకారు రానే వచ్చాడు.

"ఏం కమ్మరమ్మా, సరుకు ఎల్లుండికి అందుతుందా?" అంటూ ఒక అలుగు తీసి వేలితో తడిమాడు. నవ్వు ఆగిపోయింది. "ఇదేంటి, గుంట పడింది?"

ఆమె ఎమరీ కాగితం అతని అరచేతిలో పెట్టింది. "రుద్దండి. మీకు అలవాటైన పనేగా!"

"ఎందుకమ్మా ఈ రభస? కూరలు తరిగేవాడికి కత్తి కావాలి గానీ, కమ్మరి జాతకం కావాలా?"

"మరి మీ జాతకం ఎందుకు చెక్కించారు?"

షావుకారు కాగితాన్ని బల్లమీదికి విసిరాడు. "ఈ ఆరూ నాకొద్దు. మిగతా ఇరవైనాలుగూ పాత పద్ధతిలో వేస్తే తీసుకుంటా. లేదా, నెత్తిన పెట్టుకొని వీధివీధీ తిరిగి అమ్ముకో. ఏమయ్యా, మీ అక్కకి నువ్వైనా చెప్పు!"

తమ్ముడు చూపు సాన మీదికి తిప్పుకున్నాడు. షావుకారు వెళ్లిపోయాడు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?" అన్నదామె. "అక్క తరఫున ఒక్క మాట రాలేదే!"

"ఎందుకు రావాలి?" తమ్ముడి గొంతు పగిలినట్టు లేచింది. "పొద్దున్నుంచీ గుర్తు, గుర్తు అంటున్నావు! అందులో ఏముంది? సమ్మెట. అది నీది. పదకొండేళ్లు ధూళి మింగి నేను తిప్పిన సాన ఏది అందులో? నీ పేరు ఆయన రుద్దేశాడు. నా పేరు రుద్దడానికైనా ఎవరన్నా వేశారా?"

ఆమె చెయ్యి లేచింది. కొట్టడానికో, ఆపడానికో ఆమెకే తెలియదు.

"ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుక్కూచున్నావురా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్నే, అనబోయింది. ఆ అబద్ధం గొంతు దాటలేదు. లేచిన చెయ్యి దిగింది గానీ కోపం దిగలేదు. ఇప్పుడా కోపం సగం తనమీదికే తిరిగింది గనుక మరింత మండింది. బల్లకింద నుంచి కొత్త ప్లాస్టిక్ రేకు లాగి అతని ముందు పడేసింది.

"గియ్యి."

"ఏంటి?"

"నీ సాన. వాడితో చేతులు కలిపినందుకు నిన్ను నేను క్షమించలేదు, ఆ సంగతి తర్వాత. ముందు గియ్యి."

అతను ఒక వలయం, నడుమ ఇరుసు రంధ్రం గీశాడు.

"పదకొండేళ్లు తిప్పావుగా, గుండ్రంగా గియ్యడమైనా రాదా?"

"నువ్వలా అరుస్తుంటే చెయ్యి వణకదా?"

ఆమె అరవడం మానింది. అతను మళ్లీ గీసి, సన్నని కత్తితో కోశాడు. ఏడవ అలుగుకు ఒకవైపు సమ్మెట, రెండవవైపు సాన దిగాయి.

"వీటిని ఎవరు కొంటారక్కా?"

"వీధివీధీ తిరిగితే కొంటారు."

"తిరిగేదెవరు?"

"నువ్వే. చేసిన పాపానికి."

అతను పట్టుడు తగిలించాడు. ఆమె తడిగుడ్డ అదిమింది. సాయంత్రం దాకా ఆ గదిలో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు తప్ప వేరే మాట వినబడలేదు. ఇరవైనాలుగు అలుగులకూ ఇరువైపులా గుర్తులు పడ్డాయి. లోతుగానే పడ్డాయి.

ఈ కథ విన్నవారి చేతిపని వారికే పేరు తెచ్చుగాక. ప్రక్కన నిలిచి శ్రమించే మనిషి వారి కంటికి ఆనుగాక. వారి కోపం దారి తప్పినా, న్యాయం చెంతకే తిరిగి చేరుగాక. సర్వులకూ శుభమగుగాక.