తాతయ్య పేరు మీద నేల

"బూడిద రంగు టైల్స్ వేయించావంటే మీ నాన్న సమాధిలోంచి లేచొచ్చి బెత్తం తీస్తారు," అంది ప్రభావతమ్మ.

"లేచొస్తే అంతకన్నా ఏం కావాలమ్మా, పండగ చేసుకుందాం," అన్నాడు హరిబాబు. "ఎరుపు మన ఎండలకి వెలిసిపోతుంది. చర్చి ముందర మాసిన లంగా ఆరేసినట్టుంటుంది."

"వెలిస్తే వెలవనీ. ఆయనకి ఎరుపంటే ఇష్టం."

"నాన్నకా? ఎర్ర చొక్కా కొనిస్తే పోయేదాకా బీరువాలోంచి తియ్యలేదు కదమ్మా!"

"ఇష్టమైంది కాబట్టే దాచుకున్నారు. నీకేం తెలుసు?"

ఈ గొడవ నిన్న టిఫిన్ల దగ్గర మొదలై, ప్రభావతమ్మ మధ్యాహ్నం నిద్రని మింగేసి, రాత్రి ప్రార్థనకి కాసేపు ఆగి, పొద్దున్నే కాఫీలతో మళ్ళీ అందుకుంది. వంటింట్లో అన్నం వారుస్తున్న కోడలు కృపాకుమారికి విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

మామగారు జీవరత్నం మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన జ్ఞాపకార్థం చర్చి ముందున్న ఆవరణంతా టైల్స్ పరిపించాలని అత్తగారి కోరిక. అక్కడున్న పాత సిమెంటు నేల ఒక మూల పగిలింది. వాన పడితే జారుతుంది కూడా. పోయిన తుఫానుకి ఒక పెద్దావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పాస్టరు గారు సంతోషంగా సరే అన్నారు. హరిబాబుకి ఇంకో సంతోషం కూడా ఉంది.

"పాపకి కూడా పనికొస్తుంది కృపా. పగుళ్ళ నేల మీద ఎన్నాళ్ళు తిరుగుతుంది? చెప్పకు, వచ్చి చూసుకుని ఆశ్చర్యపోవాలి."

పాప అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రెబెకా. ఇంటర్ మొదటి సంవత్సరం అయింది. కాళ్ళకి చక్రాల బూట్లు కట్టుకుని, వంకర కర్రతో బంతి తరుముతూ ఆడే రోలర్ హాకీ దాని ప్రాణం. స్కేటింగ్ నేర్చుకున్నది ఆ చర్చి నేల మీదే. తాతయ్య అరుగు మీద బైబిలు చదువుకుంటూ ఒక కన్ను మనవరాలి మీద ఉంచేవాడు. పోయినేడు రాష్ట్ర జూనియర్ జట్టు దాకా వెళ్ళి రిజర్వులో మిగిలిపోయింది. ఈ మే నెలాఖరున బందరులో మళ్ళీ సెలెక్షన్లు. వచ్చే ఏడాదికి జూనియర్స్ వయసు దాటిపోతుంది. అందుకని దానికి ఉన్నది ఈ వేసవి ఒక్కటే.

సీజన్ అయిపోగానే కోచ్ వీరేంద్ర పిల్లల చేతుల్లోంచి కర్రలూ బంతులూ తీసేసుకున్నాడు. "ఆట చేతుల్లో ఉందనుకుంటున్నారు. కాళ్ళలో ఉంది. ఈ ఎండల్లో కాళ్ళు తయారు చేసుకున్నోళ్ళే ఆడతారు," అన్నాడట. ఒక కాలి మీంచి ఇంకో కాలు వేసి మలుపు తిరగడం, వెనక్కి దూసుకుపోవడం, దూసుకుపోతూనే టక్కున ఆగడం. వేసవంతా ఇవే, రోజూ, ఎండెక్కకముందే. గుడివాడలో ఉన్న పిల్లలు ఆయన దగ్గరే చేస్తారు. దూరం వాళ్ళు ఇళ్ళ దగ్గర చేసి ఫోన్‌లో వీడియో పంపాలి. అవనిగడ్డ దాటి ఉన్న ఈ ఊరి నుంచి గుడివాడకి రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు పట్టుకున్నా చేరేసరికి నేల పెనంలా కాలుతుంటుంది. ఇళ్ళ దగ్గర ఇవన్నీ ఎలా చెయ్యాలో చూపించడానికి కోచ్ మొదట్లో అందరినీ ఒక వారం గుడివాడ పిలిపించాడు. రెబెకా అక్కడ మేనమామ ఇంట్లో ఉంది. ఈలోపు ఇక్కడ టైల్స్ పని పూర్తి కావాలి.

"మీరిద్దరూ ఆగండి, నేను వెళ్ళి చూసొస్తాను," అంది కృపాకుమారి గంజి చేతులు తుడుచుకుంటూ. బళ్ళో పిల్లల తగువులు తీర్చే పంతులమ్మ గొంతు అది.

అవనిగడ్డలో షాపతను ఇంటర్‌లాక్ టైల్ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. అరచెయ్యంత వెడల్పు, మందం మాత్రం ఇటుకంత. ఆమె పైన వేళ్ళు నడిపి చూసింది. కొత్త పలకలా నున్నగా ఉంది. ఇంకోసారి నడిపింది. రెబెకా చక్రాలు గుర్తొచ్చాయి. "ఇదేనండి," అంది. మధ్యలో ఎరుపు, అంచుకి బూడిద రంగు. తల్లీకొడుకులిద్దరికీ మాట దక్కుతుంది.

"మంచిది తీసుకున్నారమ్మా. వాన నీళ్ళు సందుల్లోంచి ఇంకిపోతాయి. ముసలాళ్ళకి జారదు," అన్నాడు షాపతను. ఆ మాటకి ఆమె తృప్తిగా తలూపింది కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఆవరణలో నిలబడి ప్రార్థన చేసి, గోడకి పెట్టిన రాతి మీద గుడ్డ తీశారు. 'కీర్తిశేషులు జీవరత్నం మాస్టారి జ్ఞాపకార్థం' అని బంగారు రంగు అక్షరాలు. ఎర్రటి నేల కొత్త పెళ్ళికూతురి చీరలా మెరుస్తోంది. ఊరంతా "బావుందండీ, బావుందండీ" అంటున్నారు. ప్రభావతమ్మ చెప్పులు దూరంగా విడిచి, ఆ నేల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది.

పొద్దున బస్సు దిగి నేరుగా చర్చికొచ్చిన రెబెకా జనం వెనకాల నిలబడి ఉంది. కృపాకుమారి దాని మొహం చూద్దామనుకునేలోపు అత్తగారు మనవరాలి చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కొచ్చింది.

"మా రెబ్బీ తిరుగుతుందని వాళ్ళ తాతయ్య ఇక్కడే కూర్చుని చూసేవారు. దీని మీద మొదట అదే తిరగాలి. కట్టుకోవే బుజ్జమ్మా, బూట్లు!"

రెబెకా బూట్లు కట్టుకుంది. లేచి నిలబడి, ఒక కాలు తోసింది.

పాత సిమెంటు మీద దాని చక్రాల చప్పుడు కృపాకుమారికి బాగా తెలుసు. తెల్లవారుజామున పాలు కాస్తుంటే చర్చి వైపు నుంచి వినిపించేది. పట్టుచీర కొంగు నేల మీద ఈడ్చినట్టు మెత్తగా, ఒకే తీరుగా. ఇప్పుడు వచ్చింది ఆ చప్పుడు కాదు. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. చక్రం ఒక సందు దాటి రెండో సందులో పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. పిల్ల మోకాళ్ళు వణుకుతున్నాయి. చేతిలో ఒక్క టైల్ పట్టుకుని చూసి కొన్నది కృపాకుమారి. పక్కపక్కన పరిస్తే మధ్యలో సందులుంటాయన్న సంగతి ఆ ఒక్కదాన్ని చూస్తే ఎలా తెలుస్తుంది?

రెబెకా ఆవరణ చుట్టి వచ్చి, నానమ్మ ముందు ఆగి నవ్వింది. ఊరు చప్పట్లు కొట్టింది.

"ఎలా ఉందే?"

"చాలా బావుంది నానమ్మా."

ఇంటికొచ్చాక, పెరట్లో బట్టలు తీస్తున్న తల్లి దగ్గరకి వచ్చి నిలబడింది.

"వెనక్కి వెళ్తే చక్రం పట్టేస్తోందమ్మా. మలుపు తిరగాలంటే కాలు ఎక్కడ ఆగిపోతుందోనని భయం. అడుగు తియ్యనివ్వట్లేదు."

"నేనే కొన్నానే. నున్నగా ఉంటే..." కృపాకుమారి చేతిలోని బట్టలు మళ్ళీ దండెం మీదే వేసేసింది. "నాన్నతో చెప్తాను. ఒక పక్క మళ్ళీ సిమెంటు పోయిస్తే..."

"నాన్నకి చెప్తే నానమ్మకి చెప్పినట్టే. చెప్పావంటే నీతో మాట్లాడను. నానమ్మ ఇందాక ఆ నేలని చేత్తో తడిమింది, చూశావా?"

చూసింది. అందుకే ఆ పూటకి సిమెంటు మాట వదిలేసింది.

ఆ రోజు నుంచి తల్లీకూతుళ్ళు నేల కోసం వెతకడం మొదలుపెట్టారు. తుఫాను షెల్టరులో కింది అంతస్తంతా బియ్యం బస్తాలు. స్కూలు వరండా కృపాకుమారి చేతిలోదే, కానీ పిల్ల వేగం అందుకునేసరికి గోడ వచ్చేస్తుంది. రోడ్డు మీద ధాన్యం లారీలు. గుడివాడలో ఉన్న అన్నయ్య శ్యాంబాబుకి ఫోన్ చేసింది.

"అయ్యో, రెబ్బీ నాకు బరువా చెల్లీ? ఇప్పుడు ఇల్లంతా నిండిపోయింది. పురిటికొచ్చిన పిల్ల, దాని అత్తగారు, మీ వదిన వాళ్ళమ్మ. నేనే వసారాలో పడుకుంటున్నాను. జూన్‌లో పంపు, ఎన్నాళ్ళైనా ఉంచుకుంటాను," అన్నాడు. సెలెక్షన్లు మే నెలలోనే అయిపోతాయని అతనికి తెలీదు.

పెడనలో రెబెకా జట్టు పిల్ల తనూజ ఉంది. వాళ్ళ నాన్న కలంకారీ అద్దకం పని చేస్తాడు. రోజూ తెల్లవారుజామున కూతుర్ని బండి మీద గుడివాడ దింపి వస్తాడు. "మా ఇంట్లో ఉండమనండి ఆంటీ, నాకూ తోడు," అంది తనూజ ఫోన్‌లో. ఆ ఆశతో కృపాకుమారి భోజనాల దగ్గర కదిపి చూసింది.

"ఎదిగిన పిల్లని పరాయి ఇంట్లో ఉంచడమా?" అన్నాడు హరిబాబు. "ఇంటి ముందర అంత మంచి నేల వేయించి పెట్టి?"

"దాని కోసమే కదమ్మాయ్ వేయించింది," అంది ప్రభావతమ్మ. "అది లేకపోతే ఈ ఇంట్లో నేనుండలేను. రాత్రిళ్ళు ఆయన మంచం వైపు చూడ్డానికి భయమేస్తుంది నాకు. అది పక్కనుంటేనే నిద్ర పడుతోంది."

కృపాకుమారి పెరుగు వడ్డించింది. ఏ దారి పట్టుకున్నా ఆ ఎర్ర నేల దగ్గరికే వచ్చి ఆగిపోతోంది.

ఇక మిగిలింది మార్కెట్ యార్డులో ధాన్యం ఆరబోసుకునే సిమెంటు కల్లం. విశాలంగా, నున్నగా ఉంటుంది. కానీ ఇది వేసవి పంట, దాళ్వా వడ్ల కాలం. కల్లం నిండా రైతు వెంకటాద్రి ధాన్యం. కృపాకుమారి వెళ్ళి అడిగితే అతను తల గోక్కున్నాడు.

"మీరడిగితే కాదంటానా పంతులమ్మగారూ. మాస్టారు మా పిల్లలకి చదువు చెప్పారు. సాయంత్రం ధాన్యం ఒక పక్కకి కుప్ప పోసి సగం కల్లం ఖాళీ చేస్తాను, పొద్దున్నే మా వాళ్ళొచ్చి పరిచేలోపు అమ్మాయి చేసుకోవచ్చు. ఊడ్చి కూడా పెడతాను."

నిజంగానే శుభ్రంగా ఊడ్చాడు. తెల్లవారగానే రెబెకా బూట్లు కట్టుకుని వదిలిన బాణంలా వెళ్ళింది. ఆ మెత్తటి చప్పుడు మళ్ళీ వినిపించేసరికి గట్టు మీద కూర్చున్న కృపాకుమారి కళ్ళు మూసుకుంది. పిల్ల వెనక్కి తిరిగి, వెనక్కే దూసుకుంటూ, కాలు మీద కాలు వేసి మలుపు తీసుకుంది. ఎక్కడో చీపురుకి అందకుండా మిగిలిన నాలుగు గింజలు చక్రం కింద పడ్డాయి. కాళ్ళు రెండూ ఎగిరిపోయి, మోచెయ్యీ తుంటీ నేలకి కొట్టుకున్నాయి.

వెంకటాద్రి తలపాగా జారిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. "నా వడ్ల మీద పడిందమ్మా పిల్ల! ఎంత ఊడ్చినా ఈ దరిద్రప్పు గింజ వదలదు," అంటూ అతనే ఏడ్చినంత పని చేశాడు. ఆ మర్నాడు అకాల వర్షం అన్నారు. కల్లం అంతా పరదాలు, కుప్పలు. మళ్ళీ అడగడానికి కృపాకుమారికి మొహం చెల్లలేదు.

"మన టైల్స్ ఉండగా అక్కడికెందుకే?" అని ప్రభావతమ్మ మనవరాలి మోచేతికి పసుపూ నూనే రాసింది. "అక్కడైతే జారేదానివా?"

"లేదు నానమ్మా. అక్కడ జారదు," అంది రెబెకా.

గాయం మానగానే మళ్ళీ టైల్స్ మీదే తిరగడం మొదలుపెట్టింది. చెయ్యాల్సినవన్నీ చేసి వీడియో పంపేది. ప్రభావతమ్మ కుర్చీ వేయించుకుని, చెప్పులు విడిచి, పాదాలు నేలకి ఆనించి చూసేది. ఒకరోజు వీరేంద్ర కృపాకుమారికి ఫోన్ చేశాడు.

"మేడం, ఏమీ అనుకోకండి. ఆ వీడియోలో చప్పుడేంటండీ? పాప కాళ్ళు బిగబట్టి నడుపుతోంది. పడిపోతాననే భయంతో పొట్టి పొట్టి అడుగులు వేస్తోంది. చలికాలంలో నేను నేర్పిందంతా వెనక్కి పోతోందండీ. అలాంటి నేల మీద ఇలాగే చేస్తే అదే అలవాటైపోతుంది, చెయ్యకపోవడమే నయం. ఇక్కడ ఓ రెండు వారాలైనా ఉంచలేరా?"

"చూస్తానండి," అంది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో రెబెకా. అంతా విన్నట్టుంది. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

కృపాకుమారి నేరుగా పాస్టరు గారి దగ్గరకి వెళ్ళింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్రతిష్ఠ చేసిన నేల తల్లీ. సంఘం అభ్యంతరం చెప్పదు, నేను మాట్లాడతాను. కానీ అమ్మగారికి ఏమని చెప్తాం? రోజూ సాయంత్రం వచ్చి ఆ రాతి దగ్గర కూర్చుంటున్నారు. ఏడాది తర్వాత ఈమధ్యే కదా ఆవిడ నలుగురితో మాట్లాడుతున్నది?"

ఆమె తలూపి వచ్చేసింది. దారి పొడుగునా నిర్ణయించుకుంటూనే ఉంది. ఈ సాయంత్రం చెప్పేయాలి. రెబ్బీ మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. అత్తయ్య ఏడిస్తే ఏడవనీ.

దీపాలు పెట్టాక అలవాటు ప్రకారం నలుగురూ ముందుగదిలో చాప మీద కూర్చున్నారు. హరిబాబు ఒక కీర్తన ఎత్తుకున్నాడు; ఎప్పట్లాగే శృతి తప్పాడు, ఎప్పట్లాగే ప్రభావతమ్మ సరిచేసింది. వాక్యం చదవడం అయింది. ప్రార్థనకి ముందు, ఎవరి అక్కర వాళ్ళు చెప్పుకోవడం మామగారి నాటి అలవాటు.

"నా షాపు మీద కోర్టు గొడవ తెమలాలని," అన్నాడు హరిబాబు.

"నా మోకాళ్ళు," అంది ప్రభావతమ్మ. "నీకేంటమ్మాయ్?"

కృపాకుమారి అత్తగారి వైపు చూసింది. ఆవిడ మొహంలో ఈమధ్య కొత్తగా వచ్చిన నెమ్మది. "అత్తయ్యా, ఒక మాట..." అని ఆగింది.

"రెబ్బీ సెలెక్షన్ గురించేగా? అది నేనే ముందు పెడతాను దేవుడి దగ్గర. వాళ్ళ తాతయ్య నేల మీద కష్టపడింది పిల్ల," అంటూ ప్రభావతమ్మ తల మీద కొంగు కప్పుకుంది.

"దాని కోసం అడగొద్దు నానమ్మా," అంది రెబెకా.

ముగ్గురూ దాని వైపు తిరిగారు. అది చాప అంచు పుల్ల ఒకటి సరిచేస్తూ, తల్లి వైపు మాత్రం చూడకుండా, రేపు కాలేజీ ఉందో లేదో చెప్తున్నంత మామూలుగా చెప్పింది.

"నేను సెలెక్షన్లకి వెళ్ళట్లేదు. సార్‌కి ఇందాకే ఫోన్ చేసి చెప్పేశాను."