గాలి తీసిన చప్పుడు

గాలి ఒత్తిడితో మేకులు కొట్టే నెయిల్ గన్నులో మేకులు అయిపోయిన ప్రతిసారీ తమ్ముడికి ఆ చప్పుడు రెండుసార్లు వినిపించేది. గాలి పైపు ఊడదీయడానికి చెయ్యి చాపకముందే ఒకసారి తుస్సుమనేది, తను ఊడదీశాక మరోసారి. ముందు వినిపించేది అన్న తీసిన గాలి. అన్న పోయి ఏడాదయింది.

ఇద్దరూ చెక్కపెట్టెలు కొట్టే షెడ్డులో అన్నది నత్తనడక. పైపు పీకందే మేకులు నింపేవాడు కాదు. పీకాక కూడా గన్నుని కింద చెక్కకి ఆనించి ఓసారి మీట నొక్కి, మిగిలిన గాలి పోయిందని తేల్చుకునేవాడు. నువ్వు మేకులు నింపేలోపు ఈ చెక్క చిగురేస్తుందని తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

తమ్ముడు కాలు నిలవని రకం. గన్ను ముక్కు చెక్కకి ఆని లోపలికి నొక్కుకుంటేనే మేకు వస్తుంది. మేకుమేకుకీ అలా నొక్కడం దండగనిపించి, ఆ రోజు ముక్కుని వెనక్కి లాగి తీగతో కట్టేశాడు. ఇక మీట నొక్కితే చాలు, మేకు వచ్చేస్తుంది. కట్టి, మంచినీళ్ళకి వెళ్ళాడు. మేకులు నింపుదామని అన్న గన్ను ఎత్తాడు. పైపు పీకేలోపు గన్ను చేతిలో తిరిగి, వేలు మీట మీద పడింది. మేకు గుండెలో దిగింది.

జనం చేరేలోపు తమ్ముడు తీగ విప్పి జేబులో వేసుకున్నాడు. ఆ పనికి మాత్రం చేతులు ఎంత చురుగ్గా ఆడాయో!

తప్పు అన్నదేనన్నారు అందరూ. వదిన మాత్రం తనదే అంది. ఆ పొద్దున చిన్న మాట మీద ఆయనతో పోట్లాడి పంపాననీ, అందుకే పరధ్యానంలో పడ్డాడనీ కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది. తమ్ముడు అది విని తల తిప్పుకుని వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు ఆవిడే ఆ షెడ్డులో పనిలోకి వచ్చింది. తమ్ముడు ఆవిడ చేత కళ్ళద్దాలు పెట్టించాడు. గన్ను మూతి మనిషి వైపు తిప్పకూడదన్నాడు. గాలి తీశాకే మేకులు నింపాలనీ, కొట్టేదాకా మీట మీద వేలు ఉండకూడదనీ చెప్పాడు. అన్నీ అన్న మాటలే, ఇప్పుడు తన నోట్లోంచి వస్తున్నాయి.

మేకులు నింపి, పైపు తగిలించి, వదిన నాలుగు మేకులు కొట్టింది. తర్వాత గన్ను మూతిని నేలవైపు ఉంచి, దేనికీ ఆనించకుండా మీట నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది.

"ఆనకపోతే రాదు కదా," అంది నెమ్మదిగా. "మరి ఆ రోజు దేనికి ఆనింది?"

ఛాతీకే ఆనిందేమో అనొచ్చు. అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి అప్పటికే జేబులోకి పోయింది. ఏడాదిగా మోస్తున్న, తుప్పు పట్టిన తీగ తీసి బల్ల మీద పెట్టాడు.

"ముక్కు నేనే కట్టేశాను వదినా. అన్నకి తెలీదు."

ఆవిడ తీగని చూసింది. ఏడవలేదు.

"ఏడాదిగా రోజూ నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతున్నాను," అంది. "నువ్వు వింటూనే ఉన్నావు."

పైపు తనే ఊడదీసి, గన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గాలి తుస్సుమంది, ఒక్కసారే. తమ్ముడు అన్న తీసే గాలి చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. అది రాలేదు. అన్న కూడా వెళ్ళిపోయాడు.