శనక్కాయల సంగతి అడగని కాగితం

నేను ఒక కాగితాన్ని. అలాగని తీసిపారేయకండి, నాకు కొరియన్ వచ్చు. అనంతపురం జిల్లాలో మా జాతిలో ఎంతమందికి వచ్చో చెప్పండి చూద్దాం.

మా ఊరి పక్కన కార్ల ఫ్యాక్టరీ పెట్టాక కొరియా ఇంజినీర్లు కుటుంబాలతో దిగారు. దిగిన వారానికే తుమ్మడం మొదలుపెట్టారు. మా దుమ్ము అలాంటిది. డాక్టర్ ఓబుళరెడ్డి నర్సింగ్‌హోమ్‌లో ఆ తుమ్ములకు కారణం అడగాలంటే సైగలే గతి. ఆయన ముక్కు చూపించి కనుబొమలెగరేస్తే, వాళ్లూ మర్యాదగా కనుబొమలెగరేసేవారు. విసిగిపోయి ఎలర్జీ ప్రశ్నలన్నీ తెలుగులో రాసి, కొరియన్‌లోకి మార్చమని ఫ్యాక్టరీలో దుబాసీగా పనిచేసే వసుంధరకు ఇచ్చాడు. అలా నేను పుట్టాను.

పుట్టుకలోనే నాకో కోత పడింది. ఏ తిండి పడదో అడిగేచోట పాలు, గుడ్లు, రొయ్యలు, వేరుశనగలు వరసగా ఉన్నాయి. నేనేమో ఒక్క పేజీలో ఇమడడం లేదు. డాక్టర్ పెన్ను తీసి వేరుశనగలు కొట్టేశాడు.

“శనక్కాయలు పడనోడు యాడుంటాడమ్మా?”

“అవును సార్. మా ఇంట్లో కూర, చట్నీ, పొడి, అన్నీ వాటితోనే కదా,” అంది వసుంధర. వాళ్లది శనక్కాయలు పండించే కుటుంబం. ఇద్దరూ నవ్వుకున్నారు.

నన్ను మొదట నింపింది ఉన్‌హీ అనే ఇంజినీరు భార్య. కళ్ల దురదలని వచ్చింది. మొదటిసారి కదా, నేనెలా పనిచేస్తానో చూద్దామని వసుంధరా వచ్చింది. దుమ్ము పడదు, తిండిలో అన్నీ పడతాయి అని ముచ్చటగా టిక్కులు పెట్టింది. రక్తం తీశాక నీరసంగా ఉందని డాక్టరు గారి భార్య ఇంట్లోంచి ఇడ్లీ, చట్నీ పంపింది. మా పక్క ఆకలితో ఉన్న మనిషిని ఊరికే వదిలిపెట్టరు. ఆ రోజు వదిలిపెట్టినా బాగుండేది. ఆ చట్నీ దేనితో చేశారో ఉన్‌హీకి తెలియదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

రెండో ఇడ్లీ దగ్గర పెదాలు ఉబ్బాయి. ఊపిరి ఈల వేసింది. మాట రాక, బల్లమీదున్న నన్ను లాక్కుని అంచున ఒక్క మాట గీకింది. అది చదివి వసుంధర డాక్టర్‌కు వినబడేలా అరిచింది.

“శనక్కాయలు సార్. ఈమెకు పడవంట.”

డాక్టర్ పరుగున వచ్చి సూది వేశాడు. ఆ ఊపిరి కుదుటపడేదాకా నేను వణికిపోయాను. అడగడానికే పుట్టినదాన్ని, అడగవలసింది అడగక ఒక ప్రాణం తీసేలా ఉన్నాను.

ఇప్పుడు నా స్థానంలో రెండు పేజీలవాడు వచ్చాడు. నేను పాత పేపర్ల కట్టలో ఉన్నాను. దానికి నాకేం బాధ లేదు. ఆమె తేరుకున్నాక విన్న మాటే ఇంకా గుచ్చుకుంటోంది.

“ముందే చెప్పాల్సింది కదా తల్లీ,” అన్నాడు డాక్టర్, మంచం పక్కన కూర్చుని. వసుంధర ఆ మాట కొరియన్‌లో అడిగింది. ఉన్‌హీ నెమ్మదిగా ఏదో చెప్పింది. వసుంధర తల దించుకుంది.

“ఏమంటాందమ్మా?”

“కాగితంలో లేదు కదా, ఈ ఊర్లో శనక్కాయలు తినరేమో అనుకునిందంట సార్.”